బీపీ ఉన్న గర్భిణికి రక్తపరీక్షలు, డాప్లర్ స్కాన్: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఒంగోలులో కాన్పుల డాక్టర్ని. మా ఓపీకి మార్కాపురం, కనిగిరి, పొదిలి వైపు నుంచి, కందుకూరు, కావలి నుంచి కూడా గర్భిణులు వస్తారు. చేతిలో బట్టల షాపు కవరు, దాన్నిండా రిపోర్టులు. "బీపీ ఎక్కువుందన్నారు, డాప్లర్ తీయించమన్నారు, రక్తంలో ఏదో పెరిగిందన్నారు" అంటారు. డాప్లర్ అంటే రక్తప్రవాహాన్ని కొలిచే స్కాన్. ఏం పెరిగిందో, పెరిగితే ఏమవుతుందో కూర్చోబెట్టి చెప్పే తీరిక ఓపీలో దొరకదు. అందుకే అక్కడ పదేపదే వినే ప్రశ్నలకి ఇక్కడ నిదానంగా జవాబులు రాస్తున్నాను. ఇది చదివి మందులు మార్చుకోకండి. మీ డాక్టరుని ఏం అడగాలో తెలుసుకోవడానికి చదవండి.

గర్భంతో ఉన్నప్పుడు బీపీ ఎంత ఉంటే ఎక్కువన్నట్టు?

పై అంకె 140 గాని, కింది అంకె 90 గాని, అంతకు మించి గాని ఉంటే ఎక్కువే. కనీసం నాలుగు గంటల తేడాతో రెండుసార్లు చూసి నిర్ధారిస్తాం. 160/110 దగ్గరికి వెళ్తే మాత్రం నాలుగు గంటలు ఆగేది లేదు. పావుగంటలో మళ్ళీ చూసి, అప్పటికీ అంతే ఉంటే వెంటనే మందు పడాలి.

ఐదో నెల నిండక ముందే, అంటే 20 వారాల లోపే బీపీ ఉంటే అది గర్భానికి ముందు నుంచీ ఉన్నదని అనుకుంటాం. 20 వారాల తర్వాత కొత్తగా వస్తే అది గర్భం వల్ల వచ్చిన బీపీ. దానికి మూత్రంలో ప్రోటీన్ పోవడమో, ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి సాయపడే కణాలు) తగ్గడమో, లివరు, కిడ్నీలు దెబ్బతినడమో తోడైతే ప్రీఎక్లాంప్సియా అంటాం. అది ముదిరి ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా. మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అన్నది దీన్నే.

కొలిచే తీరు గురించి ఒక మాట. కనిగిరి నుంచి బస్సులో నిలబడి వచ్చి, మెట్లెక్కి, రొప్పుతూ చెయ్యి చాపితే ఎవరికైనా బీపీ ఎక్కువే కనిపిస్తుంది. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి, కాళ్ళు నేలకి ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, కొలిచేటప్పుడు మాట్లాడకూడదు. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీ ఉందా అని నర్సమ్మని అడగడానికి మొహమాటపడకండి.

తల్లికి బీపీ ఎక్కువైతే బిడ్డకి రక్తం తగ్గుతుందంటారు. ఒత్తిడి ఎక్కువైతే రక్తం ఎక్కువే పోవాలి కదా?

మంచి ప్రశ్న. ఇది అర్థమైతే మిగతావన్నీ సులువుగా అర్థమవుతాయి.

గర్భసంచి గోడలో మెలికలు తిరిగిన సన్నటి రక్తనాళాలు ఉంటాయి. మాయ (ప్లాసెంటా, తల్లి రక్తం నుంచి బిడ్డకి ఆహారం, ఆక్సిజన్ అందించేది) ఏర్పడే తొలి నెలల్లో మాయ కణాలు ఈ నాళాల్లోకి చొచ్చుకుపోయి, గోడల్లోని కండరాన్ని తీసేసి, వాటిని వెడల్పు చేస్తాయి. పిల్లకాలువల్లా ఉన్నవి పెద్ద కాలువలవుతాయి. ఈ పని దాదాపు 20 వారాలకి పూర్తి కావాలి. కొందరిలో సగంలోనే ఆగిపోతుంది. అప్పుడు మాయ పరిస్థితి సాగర్ కుడికాలువ చివరి భూముల్లాంటిది. పైన నీళ్ళున్నా చివరికి చేరేది తక్కువ.

రక్తం చాలని మాయ కొన్ని పదార్థాలను తల్లి రక్తంలోకి వదులుతుంది. అవి తల్లి ఒంట్లో రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. నాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది, కిడ్నీల నుంచి ప్రోటీన్ కారుతుంది, లివరు వాస్తుంది. అంటే ప్రీఎక్లాంప్సియాలో బీపీ జబ్బుకి మూలం కాదు, అది మాయలో మొదలైన జబ్బు బయటికి కనిపించే తీరు. లాబెటలాల్, నిఫెడిపిన్ లాంటి బీపీ మాత్రలు తల్లిని పక్షవాతం లాంటి ముప్పు నుంచి కాపాడతాయి. మాయని బాగుచెయ్యలేవు. "మాత్ర వేసుకుంటే బీపీ తగ్గింది కదా, ఇంక స్కాన్లెందుకు?" అని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఇదే.

రక్తపరీక్షల్లో మీరు చూసేదేంటి?

ముఖ్యంగా ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ (లివరు ఎంజైములు), ఎల్‌డీహెచ్ (కణాలు చితికితే పెరిగేది), హిమోగ్లోబిన్. వీటితో పాటు మూత్రంలో ప్రోటీన్. ఇవి తల్లి పరిస్థితి చెప్తాయి, బిడ్డది కాదు.

ల్యాబు కాగితం మీద పక్కన అచ్చేసిన 'నార్మల్' హద్దులు మామూలు మనుషులవి, గర్భిణులవి కావు. దీనివల్ల చాలామంది మోసపోతారు. క్రియాటినిన్‌నే తీసుకోండి. గర్భంలో కిడ్నీలు ఎక్కువ పనిచేస్తాయి కాబట్టి అది 0.4 నుంచి 0.8 మధ్యకి దిగాలి. కాగితం మీద 1.2 దాకా నార్మల్ అని ఉంటుంది. 1.0 వస్తే ల్యాబువాళ్ళు గుర్తు కూడా పెట్టరు, కానీ నేను ఆగి చూస్తాను. 1.1 దాటితే కిడ్నీ దెబ్బతింటోందని లెక్క. మా పడమటి వైపు పల్లెల్లో కిడ్నీ జబ్బులున్న కుటుంబాలు ఉన్నాయి కాబట్టి, మూడో నెలలోనే ఒకసారి క్రియాటినిన్ చూపించుకుని ఆ కాగితం దాచుకుంటే ఎనిమిదో నెలలో చాలా ఉపయోగపడుతుంది. పెరిగింది ఇప్పుడా, ముందు నుంచే ఉందా అన్నది తేలిపోతుంది.

ప్లేట్‌లెట్లు లక్ష కంటే తగ్గితే ప్రమాదం. అయితే లక్ష దాకా ఆగి చూసే అంకె కాదిది. పోయిన వారం 2 లక్షల 40 వేలు ఉండి ఈ వారం 1 లక్షా 40 వేలైతే కాగితం 'నార్మల్' దగ్గరే ఉందంటుంది. పడుతున్న వేగమే నాకు భయం. లివరు ఎంజైములు మామూలు హద్దుకి రెట్టింపు దాటడం, ఎల్‌డీహెచ్ 600 దాటడం, ప్లేట్‌లెట్లు లక్ష లోపుకి పడటం, ఈ మూడూ కలిస్తే హెల్ప్ సిండ్రోమ్ అంటాం. ఇందులో ఎర్రకణాలు చితికిపోతాయి. కొందరిలో గంటల్లోనే ముదురుతుంది.

హిమోగ్లోబిన్ సంగతి ఇంకా తిరకాసు. మన ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువ కాబట్టి 10 నుంచి 13కి పెరిగితే ఇంట్లో అందరూ సంతోషిస్తారు. ఐరన్ మాత్రల వల్ల నిదానంగా పెరిగితే సంతోషమే. బీపీ ఉన్న గర్భిణికి వారం పదిరోజుల్లో గబుక్కున పెరిగితే మాత్రం రక్తంలో నీరు నాళాల నుంచి బయటికి పోయి రక్తం చిక్కబడిందని అర్థం. మొహం, చేతులు నీరు పట్టడమూ అప్పుడే కనిపిస్తుంది.

ఒక భయం తీసేస్తాను. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే అంకె గర్భంలో మాయ వల్లే పెరుగుతుంది. అదొక్కటే ఎక్కువుంటే లివరు చెడిపోయిందని కంగారుపడకండి.

యూరిక్ యాసిడ్ 6.5 ఉంది. మాంసం, పప్పు మానేయాలా?

అక్కర్లేదు. ఇక్కడ అది తిండి వల్ల పెరిగింది కాదు, కిడ్నీ సరిగా బయటికి పంపకపోవడం వల్ల పెరిగింది. మిగతా అంకెలతో కలిపి చూస్తే కొంత కథ చెప్తుంది, అదొక్కటే దేన్నీ తేల్చదు. గర్భిణికి ప్రోటీన్ కావాలి. పప్పు, గుడ్డు, చేపలు మానకండి.

పీఎల్‌జీఎఫ్, ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ అని ఖరీదైన పరీక్ష రాశారు. అవసరమా?

మాయ వదిలే పదార్థాలని పైన చెప్పాను కదా. వాటిలో ముఖ్యమైనది ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1. రక్తనాళాలను ఆరోగ్యంగా ఉంచే పీఎల్‌జీఎఫ్ అనే మంచి ప్రోటీన్‌ను ఇది పట్టేసుకుంటుంది. అందుకే ప్రీఎక్లాంప్సియాలో మొదటిది పెరుగుతుంది, రెండోది తగ్గుతుంది. 2003లో అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ అనంత్ కరుమంచి బృందం ఈ సంగతి బయటపెట్టింది. దాంతో అప్పటిదాకా ఊహగా ఉన్నది కొలవగలిగే అంకె అయింది.

రెండింటి నిష్పత్తి చూస్తారు. 2016లో వచ్చిన ప్రోగ్నోసిస్ అధ్యయనం ప్రకారం, అనుమానం ఉన్న గర్భిణికి ఈ నిష్పత్తి 38 గాని అంతకంటే తక్కువ గాని ఉంటే వచ్చే వారం రోజుల్లో ప్రీఎక్లాంప్సియా వచ్చే అవకాశం చాలా తక్కువ. 34 వారాల లోపు 85 దాటితే, ఆ తర్వాత 110 దాటితే జబ్బు ఉందనే వైపు మొగ్గుతాం.

ఇది ఎవరికి పనికొస్తుందంటే, అటా ఇటా తేలని వాళ్ళకి. బీపీ 138/88, కాస్త తలనొప్పి, ముందు నుంచే బీపీ ఉన్న మనిషి, అడ్మిట్ చెయ్యాలా ఇంటికి పంపాలా తెలియని పరిస్థితి. అలాంటప్పుడు మంచి పరీక్ష. బీపీ 170, మూత్రంలో ప్రోటీన్ మూడు ప్లస్‌లు ఉన్న మనిషికి ఈ పరీక్ష కోసం డబ్బు పెట్టడం నాకిష్టం లేదు, జబ్బు కళ్ళముందే ఉంది. పైగా మన దగ్గర తీసిన శాంపిల్ చాలాసార్లు పెద్ద ఊరి ల్యాబుకి వెళ్ళి రావాలి. ఆ రిపోర్టు కోసం వైద్యం ఆపకూడదు. ఈ పరీక్ష చేయించుకోలేకపోయామని బాధపడేవాళ్ళకి కూడా చెప్తున్నాను: బీపీ, మూత్రపరీక్ష, ప్లేట్‌లెట్లు, లివరు, కిడ్నీ పరీక్షలు క్రమం తప్పకుండా చూసుకుంటే చాలావరకు సరిపోతుంది.

మూడో నెలలోనే ముందుగా తెలుసుకోవచ్చా?

కొంతవరకు తెలుసుకోవచ్చు. 11 నుంచి 14 వారాల మధ్య స్కాన్‌లో గర్భసంచి ధమనుల డాప్లర్, బీపీ, రక్తంలో పీఎల్‌జీఎఫ్, మీ ఆరోగ్య చరిత్ర కలిపి ముప్పు లెక్కగడతారు. ముప్పు ఎక్కువున్న వాళ్ళకి రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ 36 వారాల దాకా ఇస్తే, నెలలు నిండకుండానే కాన్పు చెయ్యాల్సి వచ్చే ప్రీఎక్లాంప్సియా 62 శాతం తగ్గిందని 2017లో ఆస్ప్రే అధ్యయనం చూపించింది. మొత్తం ఈ రంగంలో మన చేతికొచ్చిన మంచి ఆయుధం ఇదే. అయితే 16 వారాల లోపు మొదలుపెట్టాలి, అదీ డాక్టరు చెప్తేనే. ఏడో నెలలో బీపీ వచ్చాక ఆస్పిరిన్ వల్ల ఆ లాభం రాదు.

ఈ స్కాన్ అందుబాటులో లేకపోయినా చరిత్ర చాలా చెప్తుంది. పోయిన కాన్పులో బీపీ, ముందు నుంచే బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు, లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటిని దెబ్బతీసే జబ్బు), కవలలు, వీటిలో ఏ ఒక్కటున్నా ఆస్పిరిన్ గురించి అడగండి. తొలి కాన్పు, 35 దాటిన వయసు, అధిక బరువు, అమ్మకో అక్కకో కాన్పులో బీపీ, ఇలాంటివి రెండు కలిసినా అడగండి. అత్తగారి కాన్పుల సంగతి కూడా నేను అడుగుతాను, ఎందుకంటే మాయలో సగం తండ్రి వైపుది. మేనరికాల్లో ఈ రెండు కథలూ ఒకే ఇంట్లో దొరుకుతాయి.

కాల్షియం మాత్రలు కూడా నిర్లక్ష్యం చెయ్యకండి. నాలుగో నెల నుంచి రోజుకి 500 మిల్లీగ్రాములవి రెండు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే ఇస్తారు. ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకూడదు.

డాప్లర్ స్కాన్ అంటే వేరే మిషనా? బిడ్డకి హాని చేస్తుందా?

అదే అల్ట్రాసౌండ్ మిషన్. ఎక్స్‌రే కాదు, ధ్వని తరంగాలే. అవసరానికి, అవసరమైనంత సేపే చేస్తే హాని ఉన్నట్టు తెలియలేదు.

హైవే పక్కన నిలబడితే 108 అంబులెన్స్ మన వైపు వస్తున్నప్పుడు సైరన్ ఒక శ్రుతిలో, దాటిపోగానే తగ్గు శ్రుతిలో వినిపిస్తుంది కదా. ఆ మార్పును బట్టి బండి వేగం లెక్కగట్టొచ్చు. ఆస్ట్రియాకి చెందిన క్రిస్టియన్ డాప్లర్ 1842లో ఈ సూత్రం చెప్పాడు. రక్తంలో కదిలే కణాల మీద తరంగాలు పడి వెనక్కి వచ్చినప్పుడు ఇదే మార్పు చూసి ప్రవాహం కొలుస్తాం. బొడ్డుతాడులో దీన్ని మొదట కొలిచింది 1977లో, ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో.

తెర మీద ఎరుపు, నీలం చూసి "నీలం చెడ్డరక్తమా?" అని అడుగుతారు. కాదు. పొట్ట మీద ఆనించే ప్రోబ్ వైపు వచ్చేదానికి ఒక రంగు, దూరంగా పోయేదానికి ఇంకో రంగు. అంతే.

రిపోర్టులో యూఏ, ఎంసీఏ, సీపీఆర్, పీఐ అని ఉన్నాయి. ఒక్కొక్కటీ చెప్పండి.

యూఏ అంటే బొడ్డుతాడు ధమని. బిడ్డ గుండె నుంచి మాయకి రక్తం తీసుకెళ్ళేది ఇది. గుండె కొట్టుకున్నప్పుడు ప్రవాహం జోరుగా ఉంటుంది, రెండు దెబ్బల మధ్య విరామంలో కూడా ముందుకు సాగుతూనే ఉండాలి. మాయలో నాళాలు మూసుకుపోయే కొద్దీ అడ్డు పెరిగి, ఆ విరామ ప్రవాహం తగ్గుతుంది. ఆ అడ్డును చెప్పే అంకె పీఐ. యూఏ పీఐ పెరిగితే మాయలో ఇబ్బంది అని గుర్తుపెట్టుకోండి.

ఎంసీఏ అంటే బిడ్డ మెదడుకి రక్తం పంపే ధమని. ఇక్కడ లెక్క తిరగబడుతుంది, పీఐ తగ్గడమే ఇబ్బంది. ఆక్సిజన్ చాలనప్పుడు బిడ్డ శరీరం మెదడుకి వెళ్ళే దారిని వెడల్పు చేసుకుంటుంది. బియ్యం తక్కువైన ఇంట్లో ముందు పసిపిల్లలకి వడ్డించినట్టు, ముందు మెదడుకి, గుండెకి పంపుతుంది.

సీపీఆర్ అంటే ఎంసీఏ పీఐని యూఏ పీఐతో భాగిస్తే వచ్చేది. 1 కంటే తగ్గితే బిడ్డ సర్దుబాటు మొదలుపెట్టిందని అర్థం. ఒక్కో అంకె విడిగా హద్దులోనే ఉన్నా సీపీఆర్ తగ్గొచ్చు.

డీవీ అంటే బొడ్డుతాడు నుంచి వచ్చే మంచి రక్తాన్ని బిడ్డ గుండెకి చేర్చే చిన్న సిర. ఇందులో 'ఎ వేవ్' (గుండె పై గది ముడుచుకున్నప్పుడు కనిపించే అల) లేదని గాని, వెనక్కి తిరిగిందని గాని రాస్తే బిడ్డ గుండె అలసిపోతోందన్నమాట. ఇది చివరి దశ.

ఈ అంకెల హద్దులు వారం వారం మారతాయి. 28 వారాలకి బాగున్న పీఐ 36 వారాలకి ఎక్కువవుతుంది. కాబట్టి నెలలు తప్పు లెక్కిస్తే మొత్తం తప్పుతుంది. మన ఇళ్ళలో కొందరు చివరి ముట్టు నుంచి లెక్కేస్తారు, కొందరు నెల తప్పిన తేదీ నుంచి లెక్కేస్తారు. ఆ రెండింటికీ నెల తేడా. మూడో నెల లోపు తీసిన తొలి స్కాన్ కాగితమే దీనికి సాక్ష్యం, దాన్ని పోగొట్టుకోకండి.

కొలిచే చోటును బట్టి కూడా అంకె మారుతుంది. బొడ్డుతాడు బిడ్డ పొట్ట దగ్గర కొలిస్తే ఎక్కువ, మాయ దగ్గర కొలిస్తే తక్కువ వస్తుంది. బిడ్డ కదులుతున్నా, ఊపిరి కదలికలు చేస్తున్నా తేడా వస్తుంది. అందుకే ఒక స్కాన్‌లో అంకె తేడాగా వస్తే మళ్ళీ చూడమంటాం. వీలైనంతవరకు ఒకే చోట తీయించుకోండి.

'బ్రెయిన్ స్పేరింగ్' అని రాశారు. బిడ్డ మెదడు దెబ్బతిందా?

లేదమ్మా. పైన చెప్పిన సర్దుబాటుకే ఆ పేరు. బిడ్డ మెదడును కాపాడుకుంటోందని అర్థం. కాకపోతే ఎన్నాళ్ళూ అలా కాపాడుకోలేదు. ఇకనుంచి తరచుగా చూడాలన్న హెచ్చరికగా తీసుకోండి.

'ఎండ్ డయాస్టోలిక్ ఫ్లో లేదు' అన్నారు. వెంటనే ఆపరేషనా?

ఎండ్ డయాస్టోలిక్ ఫ్లో అంటే బొడ్డుతాడు ధమనిలో పైన చెప్పిన విరామ ప్రవాహమే. అది ఆగిపోతే ఒక మెట్టు, వెనక్కి తిరిగితే ఇంకో మెట్టు. రెండోది ఎక్కువ ప్రమాదం. మళ్ళీ చూసి నిర్ధారించాక, ఆగిపోయినప్పుడు 32 నుంచి 34 వారాల మధ్య, వెనక్కి తిరిగినప్పుడు 30 నుంచి 32 వారాల మధ్య కాన్పు చెయ్యడం ఇప్పటి పద్ధతి. ఈలోపు తల్లి పరిస్థితి విషమించినా, బిడ్డ గుండె చప్పుడు పడిపోయినా అప్పుడే చెయ్యాలి. ఇలాంటి పిల్లలు నొప్పులు తట్టుకోలేరు కాబట్టి చాలామందికి సిజేరియనే అవుతుంది.

అంతకుముందు బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తాం, డెక్సామెథాసోన్ అయితే 12 గంటలకొకటి చొప్పున నాలుగు. మెగ్నీషియం సల్ఫేట్ తల్లికి ఫిట్స్ రాకుండా ఆపుతుంది, నెలలు నిండని బిడ్డ మెదడుకి కూడా రక్షణ. ఇక కాన్పు ఎక్కడన్నది చాలా ముఖ్యం. పసిపిల్లల ఐసీయూ ఉన్నచోటే చెయ్యాలి. పుట్టాక బిడ్డను అంబులెన్సులో తరలించడం కంటే, కడుపులో ఉండగానే తల్లిని ఒంగోలు గాని నెల్లూరు గాని చేర్చడం ఎంతో నయం.

ఏడో నెలలో పుడితే బతుకుతారు, ఎనిమిదో నెలలో పుడితే బతకరంటారు. ఇంకో రెండు వారాలు ఆపలేరా?

ఈ మాట నేను ఇప్పటికీ వింటున్నాను. అనేది ప్రేమతోనే అని తెలుసు, అయినా గట్టిగా చెప్పక తప్పదు. ఇది నిజం కాదు. లోపల అంతా బాగుంటే ప్రతి వారం బిడ్డకి బలమే. 34 వారాల బిడ్డ 30 వారాల బిడ్డ కంటే అన్నివిధాలా మెరుగు. కానీ ప్రవాహం ఆగిపోయాక లోపల గడిచే ప్రతిరోజూ బిడ్డకి ఆకలి రోజు. అమావాస్య దాటాలని, తొమ్మిదో నెల రావాలని, మంచి ముహూర్తం కావాలని ఆగితే పెరిగే బిడ్డ కోసం ఆగినట్టు కాదు. డాక్టరు "ఒకరోజు ఆగొచ్చు" అంటే ఆ ఒకరోజులో ముహూర్తం చూసుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. "ఇప్పుడే" అంటే ఇప్పుడే.

డాప్లర్ నార్మల్ వచ్చింది. ఇంక టెన్షన్ లేనట్టేనా?

ఆ తేదీకి లేనట్టు.

కొన్నేళ్ళ కిందట సముద్రం పక్క పల్లె నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఏడో నెల, బీపీ 146/94, రక్తపరీక్షలు బాగున్నాయి, డాప్లర్ బాగుంది. "నార్మల్ అమ్మా, పదిరోజుల్లో రా" అన్నాను. ఇంట్లోవాళ్ళు 'నార్మల్' అన్నది విన్నారు, 'పదిరోజులు' అన్నది వినలేదు. ఊళ్ళో తిరునాళ్ళ వచ్చింది. ఇరవై నాలుగో రోజు రాత్రి ఫిట్స్‌తో తీసుకొచ్చారు. బొడ్డుతాడులో విరామ ప్రవాహం లేదు. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు గాని, కేజీంపావు బిడ్డ ఐసీయూలో వారాల తరబడి ఉంది. ఆ తల్లి స్పృహలోకి వచ్చి బిడ్డెక్కడని అడిగినప్పుడు నాకు జవాబు చెప్పడం కష్టమైంది. నార్మల్ అని చెప్పాను గాని, ఎన్నాళ్ళకి నార్మలో వాళ్ళ మనసుకెక్కేలా చెప్పలేదు. అప్పటినుంచి ప్రతి రిపోర్టు మీదా పెన్నుతో 'ఇది ఫలానా తేదీ వరకే' అని రాసి, ఆ తేదీ పక్కనున్న పెద్దమనిషి చేత చదివిస్తున్నాను. మీ డాక్టరు రాయకపోతే మీరే అడిగి రాయించుకోండి.

ఇంకో సంగతి. 34 వారాలు దాటాక బిడ్డ ఇబ్బందిలో ఉన్నా బొడ్డుతాడు డాప్లర్ బాగానే కనిపించొచ్చు. మాయ హఠాత్తుగా విడిపోవడాన్ని ఏ డాప్లరూ ముందుగా పట్టలేదు. బిడ్డ కదలిక తగ్గితే నిన్నటి నార్మల్ రిపోర్టు చూసుకుని ఆగిపోవద్దు, ఆసుపత్రికి రండి.

డాప్లర్ బాగుందట, అయినా కాన్పు చేసేయాలంటున్నారు. ఎందుకు?

డాప్లర్ బిడ్డది, రక్తపరీక్షలు తల్లివి. బిడ్డ బాగున్నా తల్లి ప్లేట్‌లెట్లు పడిపోతుంటే, బీపీ మందులకి లొంగకపోతే, ఆగడం తల్లి ప్రాణంతో ఆడుకోవడమే. తీవ్రమైన ప్రీఎక్లాంప్సియాలో 34 వారాలు దాటితే, తీవ్రత లేకపోయినా 37 వారాలు నిండితే కాన్పు చేస్తాం. ఈ జబ్బుకి నిజమైన మందు మాయ బయటికి రావడమే.

ఎన్ని రోజులకోసారి చూపించుకోవాలి?

బీపీ ఒక్కటే ఉండి మిగతావి బాగుంటే వారానికోసారి డాక్టరు దగ్గరికి, మూడు నాలుగు వారాలకోసారి ఎదుగుదల స్కాన్. ప్రీఎక్లాంప్సియా అని తేలితే రక్తపరీక్షలు వారానికి కనీసం ఒకటి రెండుసార్లు. బిడ్డ ఎదుగుదల తగ్గితే డాప్లర్ వారం, రెండు వారాలకోసారి. ప్రవాహం ఆగిపోతే ఆసుపత్రిలోనే ఉంచి రెండుమూడు రోజులకోసారి, ఒక్కోసారి రోజూ.

రక్తప్రసరణ పెరగడానికి పౌడర్లు, ఇంజెక్షన్లు ఉన్నాయట కదా?

సన్నబడ్డ మాయ నాళాలను మళ్ళీ వెడల్పు చేసే మందు ఇప్పటిదాకా రుజువు కాలేదు. సిల్డెనాఫిల్ అనే మందు మీద చాలా ఆశలు పెట్టుకున్నారు. నెదర్లాండ్స్‌లో గర్భిణులకి దాన్ని ఇచ్చి చూసిన ప్రయోగాన్ని 2018లో మధ్యలోనే ఆపేశారు, పుట్టిన పిల్లల్లో ఊపిరితిత్తుల సమస్యలు, మరణాలు కనిపించాయి కాబట్టి. పౌడర్లకి పెట్టే డబ్బు రెండో స్కాన్‌కి దాచుకోండి.

ఉప్పు మానాలా? మంచం దిగకూడదా?

ఉప్పు పూర్తిగా మానితే ప్రీఎక్లాంప్సియా ఆగదు. ఆవకాయ, ఎండుచేపలు, అప్పడాలు మూడుపూటలా వద్దు, కూరలో మామూలు ఉప్పు ఫర్వాలేదు. పూర్తిగా మంచానికి పరిమితమైతే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు. బరువు పనులు తగ్గించి, పడుకున్నప్పుడు పక్కకి తిరిగి పడుకుంటే చాలు.

డాప్లర్‌లో ఆడో మగో తెలుస్తుందా?

చెప్పడం, అడగడం రెండూ 1994 లింగనిర్ధారణ నిరోధక చట్టం ప్రకారం నేరం. డాప్లర్ తీసేముందు కూడా ఫారం-ఎఫ్ మీద సంతకం తీసుకుంటారు. కాళ్ళు వాస్తే మగపిల్లాడన్న మాటా నమ్మకండి, వాపు కనిపిస్తే బీపీ చూపించుకోండి.

సీమంతం అయ్యాక పుట్టింటికి వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు, ఫైలుతో సహా. అత్తగారిల్లు కనిగిరిలో, పుట్టిల్లు కావలిలో అయితే పాత రిపోర్టులు కనిగిరి బీరువాలో ఉండిపోతాయి, కావలి డాక్టరు మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. పడిపోతున్న ప్లేట్‌లెట్లు, పెరుగుతున్న పీఐ, ఇవన్నీ పాత కాగితం పక్కన పెడితేనే కనిపిస్తాయి. హైదరాబాద్, బెంగళూరు పనులకి వెళ్ళి కాన్పుకి తిరిగొచ్చే వాళ్ళకి మరీ ముఖ్యం. వెళ్ళిన వారంలోనే అక్కడి ఆశా కార్యకర్తకి 'నాకు బీపీ ఉంది' అని చెప్పండి.

ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకి ప్రత్యేక పరీక్షలు ఉంటాయి, ఉచితం. ఒంగోలు, నెల్లూరు రెండుచోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి.

ఏ లక్షణాలుంటే తెల్లారేదాకా ఆగకూడదు?

తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, కళ్ళముందు మెరుపులు, ఆయాసం, మూత్రం తగ్గడం, రక్తం కనపడటం, కడుపు రాయిలా గట్టిపడటం, బిడ్డ కదలిక తగ్గడం. అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది పైకడుపులో, కుడి డొక్క కింద వచ్చే నొప్పి. గ్యాస్ అనుకుని మెడికల్ షాపులో మాత్ర తెచ్చి వేస్తారు. బీపీ ఉన్న గర్భిణికి ఆ నొప్పి లివరు వాపు కావచ్చు. 108కి ఫోన్ చెయ్యండి. ఫిట్స్ వస్తే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా, తాళాలు ఏమీ పెట్టకండి.

కాన్పయ్యాక బీపీ పోతుంది కదా?

వెంటనే పోదు. మూడు నుంచి ఆరు రోజుల మధ్య ఇంకా పెరగొచ్చు, సరిగ్గా ఇంటికి పంపే రోజులవి. బాలింతకి తలనొప్పి వస్తే చలిగాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టి పడుకోబెడతారు. దూది పెట్టండి, కానీ ముందు బీపీ చూపించండి. కాన్పు తర్వాత కూడా ఫిట్స్ రావొచ్చు. పథ్యం పేరుతో నీళ్ళు ఆపకండి, డాక్టరు చెప్పనిదే మాత్రలు మానకండి.

మూడు నెలలు దాటినా బీపీ తగ్గకపోతే అది ముందు నుంచీ ఉన్న బీపీ కావచ్చు. తగ్గినా, ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్ళకి తర్వాతి జీవితంలో గుండెజబ్బు, పక్షవాతం ముప్పు మిగతావాళ్ళ కంటే దాదాపు రెట్టింపు కాబట్టి ఏటా బీపీ, షుగర్ చూపించుకోవాలి. తర్వాతి కాన్పులో సుమారు ఆరుగురిలో ఒకరికి మళ్ళీ వస్తుంది.

అయితే ఈ కాగితాలన్నీ ఇంక పారేయొచ్చా?

పారేయకండి. తర్వాతి గర్భంలో 16 వారాల లోపు ఆస్పిరిన్ మొదలుపెట్టాలా వద్దా అన్నది వీటిని చూసే చెప్తారు. స్కాన్ బొమ్మలు అచ్చయ్యే నున్నటి కాగితం రెండుమూడేళ్ళలో వెలిసిపోతుంది, బీరువాలో పెట్టినా సరే. ఇంటికి వెళ్ళగానే అన్నిటినీ ఫోన్లో ఫోటో తీసి, మీ ఫోన్లో ఒకటి, మీ ఆయన ఫోన్లో ఒకటి ఉంచండి.